నలభై ఏడో నంబరు బూట్లు

మా అన్నయ్య నికొదిమ్ పోయిన ముప్పయ్యో రోజు పొద్దున్నే మా వదిన సవేత వట్టికాళ్ళతో వచ్చి మా గుమ్మంలో నిలబడింది. నవంబరు నెల. వాకిట్లో గడ్డి మీద మంచు గట్టిపడి, అడుగేస్తే కరకరలాడుతోంది. ఆవిడ పాదాలు ఉడికించిన బీట్‌రూట్ రంగుకి తిరిగాయి.

"చెప్పులేవి వదినా?" అన్నాను.

"మీ అన్నయ్యకి లేవు. నాకెందుకే?"

లోపలికి లాక్కొచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టాను. కాళ్ళకి ఉన్ని దుప్పటి చుట్టబోతే తోసేసింది. టీ ఇస్తే మాత్రం తాగింది. తాగి, చెప్పింది.

"మళ్ళీ కల్లోకొచ్చాడు వెతూరియా. ఇది మూడోసారి. మన కంచె అవతలే నిలబడ్డాడు. కోటుంది, టోపీ ఉంది, నేను జేబులో పెట్టిన రుమాలు కూడా ఉంది. కాళ్ళకే ఏం లేవు. 'సవేతా, నా బూట్లేవే?' అన్నాడు. వంగి అరికాల్లోంచి ముళ్ళు తీసుకుంటున్నాడే తల్లీ. ఒకటి తీస్తే ఇంకోటి. నేను కంచె దాటబోతే మెలకువొచ్చేసింది."

"అన్నయ్యని పూడ్చినరోజే బూట్లు ఇచ్చేశావుగా?"

"ఇచ్చాను. నువ్వూ చూశావుగా!"

చూశాను. శవపెట్టె మీదుగా చేతులు చాచి, అవతల నిలబడ్డ మనిషికి ఇచ్చింది. కొత్త బూట్లు, నలభై ఏడో నంబరు. మా అన్నయ్య పుట్టినప్పుడు మంత్రసాని ముందు పాదాలు చూసి హడలిపోయి, తర్వాత మొహం చూసి ఊపిరి పీల్చుకుందని మా అమ్మ అంటుండేది. ఆ నంబరు ఏ దుకాణంలోనూ దొరకదు. వచ్చే ఈస్టరుకని అన్నయ్యే పట్నంలో కుట్టించుకుని, పెట్టెలో దాచుకుని, ఒక్కసారైనా తొడుక్కోకుండా పోయాడు.

మా చర్చి వాళ్ళలో మనిషి పోతే, ఆ మనిషి పేరు మీద ఏదిస్తే అది అక్కడ ఆ మనిషికి చేరుతుంది. కోటు ఇస్తే కోటు, చెంచా ఇస్తే చెంచా. పుచ్చుకున్నవాళ్ళు ఊరికే పట్టుకుపోకూడదు. ఇచ్చినవాళ్ళ తాలూకు పోయిన మనిషి పేరు తలుచుకుని "దేవుడు మన్నించాలి" అనాలి. ఆ మాటతోనే వస్తువు కదులుతుంది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు మా ఊరి పోస్టాఫీసులో కూర్చుని ఈ మధ్యే రిటైరయ్యాను. అందుకని నాకిది తొందరగా అర్థమవుతుంది. పార్సిలు పుచ్చుకున్నవాడు సంతకం పెట్టకపోతే ఆ పార్సిలు చేరినట్టు కాదు.

అర్థమవుతుందన్నాను గానీ, నమ్ముతానని అనలేదు. చిన్నప్పట్నించీ నాకు ప్రశ్నల జబ్బుంది. ఆత్మకి ఒళ్ళే లేనప్పుడు టోపీ ఎక్కడ పెట్టుకుంటుందని తొమ్మిదేళ్ళప్పుడు ఫాదర్‌ని అడిగి చెవి మెలిపెట్టించుకున్నాను. అరవై మూడేళ్ళొచ్చినా దానికి జవాబు దొరకలేదు. అన్నయ్య పోయాక మాత్రం ఈ ప్రశ్నలు సరదాకి కాకుండా పోయాయి. ఎక్కడున్నాడు? ఇప్పుడు, నేను ఈ కప్పు కడుగుతున్న నిమిషంలో, ఏం చేస్తున్నాడు? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉండేది.

"పద, పరాస్కా అవ్వ దగ్గరికి పోదాం," అన్నాను.

పరాస్కా అవ్వకి ఎనభై నాలుగు. చావు రొట్టెలు చెయ్యడం, గోధుమలు ఉడికించి తీపి ముద్ద కట్టడం, ఏ రోజు ఏది ఎవరికివ్వాలో చెప్పడం ఆవిడ పని. ఊళ్ళో చావు విషయాల్లో ఆవిడ మాటకి తిరుగులేదు. మేం వెళ్ళేసరికి పిండి పిసుకుతోంది. వదిన కాళ్ళు చూసింది. కల చెప్పించుకుంది.

"బూట్లెవరికిచ్చావు?"

"సముయిల్‌కి."

అవ్వ చేతులాగాయి. "వడ్రంగి సముయిల్‌కా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదే నీకు?"

"ఆ సైజు కాళ్ళు ఇంకెవరికున్నాయవ్వా? తొడుక్కోలేనివాడికిస్తే ఏం లాభం?"

"సరే. పుచ్చుకున్నప్పుడు ఏమన్నాడు?"

వదిన గుర్తు చేసుకుంది. "'చల్లగా ఉండు సవేతా, దేవుడు నీకు మేలు చెయ్యాలి' అన్నాడు."

"నీకా? నికొదిమ్‌కా?"

"నాకే."

"ఇంకేం," అంది అవ్వ, మళ్ళీ పిండి పిసుకుతూ. "మేలు నీకొచ్చింది, బూట్లు సముయిల్‌కొచ్చాయి, నీ మొగుడు ముళ్ళ మీదున్నాడు."

వదిన అక్కడే బెంచీ మీద కూలబడింది. తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ. సముయిల్ మా చర్చి మనిషి కాదు, బాప్టిస్టు. మా ఊళ్ళో వాళ్ళవి పదకొండు ఇళ్ళు. పోయినవాళ్ళ కోసం వాళ్ళు ప్రార్థించరు, కొవ్వొత్తి వెలిగించరు, గోధుమలు ఉడికించరు. "దేవుడు మన్నించాలి" అనే మాట పోయినవాళ్ళ గురించి వాళ్ళ నోట రాదు. అన్నయ్యకీ సముయిల్‌కీ బడి రోజుల నుంచి స్నేహం. శవపెట్టె చేసిందీ ఆయనే, ఓ కొమ్ము మోసిందీ ఆయనే. ఆ ఏడుపులో, ఆ హడావుడిలో, ఎదురుగా కనిపించిన మనిషి చేతిలో వదిన బూట్లు పెట్టేసింది.

"తిరిగి అడిగి తీసుకుంటే?" అన్నాను.

"దానమిచ్చింది వెనక్కి లాక్కుంటే చేతులు పడిపోతాయి," అంది అవ్వ.

"కొత్త జత కుట్టిస్తే?"

"పట్నంలో బూట్లు కుట్టేవాడు నెలరోజులు పడుతుందంటాడు. ఉన్నది పది రోజులు. ఆ తర్వాత దేనికి?" అంది వదిన.

నలభయ్యో రోజు దాకా ఆత్మ దారిలోనే ఉంటుందని మా నమ్మకం. ఆకాశంలో ఇరవై నాలుగు సుంకం గేట్లు. ఒక్కో గేటు దగ్గర దయ్యాలు ఆపి ఒక్కో పాపం గురించి నిలదీస్తాయి. పక్కన దేవదూత నడుస్తుంటాడు. నలభయ్యో రోజున నీ చోటిదీ అని చూపిస్తారు, కడపటి తీర్పు దాకా అక్కడే ఉండాలి. చేరాల్సినవన్నీ ఆలోపే చేరాలి.

"ఇరవై నాలుగు గేట్లు వట్టికాళ్ళతో నడుస్తున్నాడు," అంది వదిన. "ఆయనకి బూట్లందేదాకా నేనూ తొడుక్కోను."

"నీకేమన్నా పిచ్చా? చలికి చస్తావు!"

"చస్తే నేనే పట్టుకెళ్ళి ఇస్తాను."

మా వదిన సంగతి నాకు తెలుసు. ఏదైనా అందంటే అంతే.

అటునుంచి అటే సముయిల్ కొట్టంలోకి వెళ్ళాను. చిత్రిక పడుతున్నాడు. తలుపంత మనిషి, గడ్డం నిండా చెక్కపొట్టు. కాళ్ళకి అవే బూట్లు, నూనె పట్టి నిగనిగలాడుతున్నాయి.

"రా వెతూరియా. ఏదన్నా విరిగిందా?"

"విరగలేదు, చేరలేదు. బూట్లు బాగున్నాయా?"

"అతికినట్టున్నాయి," అన్నాడు కిందికి చూసుకుని మురిసిపోతూ. "నా పాతవి నీళ్ళు పీల్చేవి. దేవుడు సవేత మనసులో నా తలపు పుట్టించాడనుకున్నాను."

"సవేత మనసులో ఉంది నువ్వు కాదు సముయిల్. నికొదిమ్."

చిత్రిక పక్కన పెట్టాడు. అంత పెద్ద మనిషి, బడిలో తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా మొహం పెట్టాడు. "నాకే ఇచ్చిందనుకున్నాను," అన్నాడు.

నాకు పాపమనిపించింది. అయినా వదలకుండా కల సంగతీ, అవ్వ చెప్పిన సంగతీ, వదిన కాళ్ళ సంగతీ మొత్తం చెప్పాను.

"అంటే నేను పోస్టు డబ్బానా మీకు?"

"పోస్టు డబ్బావైతే ఇంత గొడవే లేదు. అది వేసింది వేసినట్టు పంపిస్తుంది."

నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత అసలు సంగతికొచ్చాను. "ఒక్క మాట అనేసెయ్. దేవుడు నికొదిమ్‌ని మన్నించాలి అని. నీ సొమ్మేం పోయింది?"

"మనిషి కళ్ళు మూశాక అతని సంగతి తేలిపోయినట్టే వెతూరియా. బతికుండగా విశ్వసించాడా, ప్రభువు దగ్గరున్నాడు. విశ్వసించలేదా, నేను గొంతు చించుకున్నా మారేదేం లేదు. తేలిపోయిన తీర్పు మీద నేను అర్జీ పెట్టనా?"

"ఇంకా తేల్లేదయ్యా. పది రోజులుంది."

"అది మీ ఫాదర్ లెక్క."

"మరి మీ లెక్కలో మా అన్నయ్య ఎక్కడున్నాడు? ఇప్పుడు, ఈ నిమిషంలో? కూర్చున్నాడా, పడుకున్నాడా? మనిద్దరం తన బూట్ల గురించి కొట్టుకుంటున్నామని తెలుసా?" ఎగతాళికి అడగలేదు. ఎవరైనా చెప్తే విందామని అడిగాను.

సముయిల్ కూడా ఎగతాళి అనుకోలేదు. గడ్డంలో పొట్టు ఏరుకున్నాడు. "ప్రభువుకి తెలుసు," అన్నాడు చివరికి.

"నాకూ తెలుసుకోవాలనుంది."

"ఎవరికుండదు?"

"నీకూ ఉంటుందా? ఎస్తేరా గురించి?"

ఎస్తేరా ఆయన భార్య. పోయి ఆరేళ్ళు. చిన్న మనిషి, పిట్టంత ఉండేది, నడుస్తుంటే చప్పుడే వినిపించేది కాదు. చేతిలో కొవ్వొత్తి పెట్టకుండా, గంట కొట్టకుండా, ఎవరికీ ఓ ముద్ద గోధుమలైనా పెట్టకుండా పూడ్చారు. పాటలు మాత్రం చాలా బాగా పాడారు. మా ఆడవాళ్ళు గోడ అవతల నిలబడి, పాపం, ఉత్త చేతులతో చీకట్లోకి పంపించేశారని కళ్ళు తుడుచుకున్నారు.

"ఎస్తేరా ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంది," అన్నాడు వెంటనే, బట్టీపట్టిన వాక్యం అప్పజెప్పినట్టు.

"కల్లోకొస్తుందా?"

"రాదు."

"ఒక్కసారైనా?"

"అది అడక్కు వెతూరియా." చిత్రిక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు. "ఒకటి చెప్పు. నమ్మకుండా నేనా మాట అన్నాననుకో. అది దొంగ సంతకం కాదా? అన్నేళ్ళు పోస్టాఫీసులో కూర్చున్నావు, నువ్వే చెప్పు. దొంగ సంతకం మీద పార్సిలు చేరుతుందా?"

ఆ మనిషి మీద కోపం రావాల్సింది పోయి గౌరవం వచ్చింది, అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇక మిగిలింది ఫాదర్ ఇలారియే. చదువుకున్నవాడు, ఓపికున్నవాడు. తేనెటీగల పెట్టెలు చూసుకుంటూ నిలబడి విన్నాడు.

"బూట్లు అక్కడికి వెళ్ళవు వెతూరియా. వెళ్ళేది దయ. సవేత దయతో ఇచ్చింది, అది అప్పుడే చేరింది. సముయిల్ ఏమన్నాడన్నది అనవసరం."

"దయకి నంబరుంటుందా ఫాదర్? నలభై ఏడుకి సరిపోతుందా?"

"నీ నోటికి తాళం వెయ్యాలి."

"మరి కల?"

"కలల్ని నమ్మమని చర్చి చెప్పదు."

"మీరు నమ్మరా?"

ఫాదర్ తేనెటీగల పెట్టె మీద మూత సర్దాడు. "మా అమ్మ పోయాక ఒకసారి దాహమని వచ్చింది," అన్నాడు. "పొద్దున్నే లేచి చుట్టుపక్కల ఏడిళ్ళకి నీళ్ళు మోశాను. ఇది ఎవరికీ చెప్పకు. సవేతకి మాత్రం దయ సంగతే చెప్పు."

చెప్పాను. "ఆయనకేం, కాళ్ళకి బూట్లున్నాయి, ఎన్నైనా చెప్తాడు," అంది వదిన.

మాలో నలభై రోజుల పాటు రోజూ పొద్దున్నే సమాధి దగ్గర సాంబ్రాణి వెయ్యాలి. వదిన రోజూ నిప్పుల గిన్నె పట్టుకుని, ఆ వట్టికాళ్ళతోనే, ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేది. సముయిల్ కొట్టం ముందు నుంచే దారి. ముప్పై మూడో రోజుకి మడమలు పగిలి నెత్తురు కనిపించింది. ముప్పై ఐదుకి దగ్గు పట్టుకుంది. నిద్రలో ఉండగా మేజోళ్ళు తొడిగాను. లేచి, విప్పి, పొయ్యిలో వేసింది. నర్సమ్మ వచ్చి ఛాతీ విని, ఇంకో రెండు రోజులిలాగే తిరిగితే ఊపిరితిత్తులకి పడుతుందని, ఈ వయసులో అది పడితే లేవదని నాతో చాటుగా చెప్పింది. అన్నయ్య నలభయ్యో రోజైనా రాకుండా వదినని పూడ్చాలేమోనని భయపడ్డాను. సమాధి దగ్గరికెళ్ళి అన్నయ్యని నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. "నీ కాళ్ళు తగలెయ్య, ఆ పిచ్చిదాన్ని చంపుతావా? ఓ నాలుగు రోజులు ఓర్చుకోలేవా?" అని.

ముప్పై ఏడో రోజు పొద్దున నేనూ వదిన వెంట వెళ్ళాను. సముయిల్ ఇంటి ముందు నుంచి స్మశానం గేటు దాకా మంచు మీద చెక్కపొట్టు పరిచి ఉంది. అడుగు వెడల్పున, మెత్తగా, తెల్లగా. పది బస్తాలకి తక్కువ ఉండదు. కొట్టం తలుపు మూసి ఉంది, లోపల చిత్రిక చప్పుడు లేదు.

"దీని మీద నడువొదినా," అన్నాను.

వదిన ఆగి చూసింది. పొట్టుని కాలితో తాకలేదు. దాని పక్కనే, మంచు మీద నడుచుకుంటూ పోయింది. తిరిగొచ్చేటప్పుడు కొట్టం కిటికీ వైపు ఒకసారి తల ఊపింది. అందులో కోపమేమీ లేదు. ఆయన చెయ్యగలిగింది ఆయన చేశాడు, ఆవిడ చెయ్యాల్సింది ఆవిడ చేస్తోంది, అంతే.

నలభయ్యో రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ వదిన ఇంటికి భోజనానికొచ్చారు. క్రిస్మస్ ముందరి ఉపవాస రోజులు కాబట్టి మాంసం లేదు. చిక్కుడు గింజల పులుసు, బియ్యం పుట్టగొడుగులు కూరిన క్యాబేజీ చుట్టలు, రేగుపళ్ళ సారా. రొట్టె మీద కొవ్వొత్తి వెలుగుతోంది. యాభై మందికి తక్కువ లేరు. ఒళ్ళు కాలిపోతున్నా వదినే వడ్డిస్తోంది, వట్టికాళ్ళతో, దగ్గొచ్చినప్పుడు గోడ పట్టుకుంటూ. ఎవరూ ఆవిడ కాళ్ళ వైపు చూడ్డంలేదు. అందరూ ఒకే చోటు వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తే గది ఎలా ఉంటుందో అలా ఉంది.

అప్పుడు తలుపు తీసుకుని సముయిల్ వచ్చాడు.

బాప్టిస్టులు మా చావు భోజనాలకి రారు. అందరూ గుమ్మం వైపు తిరిగారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కాళ్ళకి ఒట్టి మేజోళ్ళు, తడిసి బురదగా ఉన్నాయి. చేతిలో బూట్లు. తన ఇంటి నుంచి అలాగే నడిచొచ్చాడు.

"సవేతా, ఇవి తిరిగివ్వడానికి రాలేదు," అన్నాడు. "నువ్వు నాకిచ్చావు. నావి. నావి గనక నేను ఇవ్వచ్చు. ఇప్పుడు నేను ఇస్తున్నాను. నీ కాళ్ళకి ఏమీ లేవు, అందుకని నీకిస్తున్నాను. ఆ మాట నేననలేను. పుచ్చుకునేదానివి నువ్వు. నువ్వేమంటావో నీ ఇష్టం."

ముందు నాకు వెలగలేదు. తర్వాత వెలిగి, కూర్చున్నచోట లేచి నిలబడ్డాను. తను ఇచ్చినదానికి వదిన తనే సంతకం పెట్టుకోవడం కుదరదు. ఇచ్చేవాడు ఆయనైతే, పుచ్చుకునేది వదిన. సంతకం వదినది. దొంగ సంతకం కాదు!

ఫాదర్ నోట్లో క్యాబేజీ చుట్ట అలాగే ఉండిపోయింది.

"ఆగండాగండి," అంది పరాస్కా అవ్వ బల్ల చివర్నుంచి. "ఇచ్చేది సముయిల్. ఇచ్చినవాడి మనిషి పేరే ముందు చెప్పాలి. వాడింట్లో మనిషిని దాటేసి ఎవరి పేరో చెప్తే కుదరదు. అది పద్ధతి కాదు."

ఆయనింట్లో పోయిన మనిషెవరో అందరికీ తెలుసు. సముయిల్ తల వంచుకున్నాడు. బాప్టిస్టు పాస్టరు చెల్లెలి ఇల్లు మా వీధిలోనే ఉంది, రాత్రికల్లా ఈ సంగతి ఆయన చెవిన పడుతుంది. వద్దంటాడేమో అనుకున్నాను.

"చెప్పనా సముయిల్?" అంది వదిన మెల్లగా. "నువ్వు వద్దంటే చెప్పను."

"నోరు నీది సవేతా," అన్నాడు. "నేనెలా వద్దంటాను?"

వదిన బూట్లు పుచ్చుకుంది. బెంచీ మీద కూర్చుని, పగిలిన ఆ పాదాలు ఒక్కొక్కటే లోపలికి దూర్చింది. బూట్లు మోకాళ్ళ దాకా వచ్చాయి. మామూలప్పుడైతే ఊరు ఊరంతా పగలబడి నవ్వేది. లేచి నిలబడి, గట్టిగా, దగ్గు రాకుండా ఒకేసారి చెప్పేసింది.

"దేవుడు ఎస్తేరాని మన్నించాలి. దేవుడు నికొదిమ్‌ని మన్నించాలి."

"దేవుడు మన్నించాలి," అన్నారందరూ. యాభై గొంతులు. ఎస్తేరా పేరు ఆరేళ్ళలో మా ఊళ్ళో ఎవరూ అంత గట్టిగా పలకలేదు. నా మటుకు నేను గొంతు కలిపాను, నమ్మకం సంగతి తర్వాత చూసుకుందామనుకుని. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అన్నయ్య పోయిన రోజు కూడా అలా రాలేదు.

పోస్టాఫీసులో నేను వందల మంది మొహాలు చూశాను, టెలిగ్రాం చదువుకుంటున్నప్పుడు. సముయిల్ మొహం కూడా అలాగే చూస్తూ నిలబడ్డాను. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వదిన కాళ్ళకున్న ఆ బూట్ల వంకే చూస్తున్నాడు. టోపీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"ఎస్తేరావి చిన్న పాదాలు," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. "ముప్పై అయిదు. ఇవి ఆవిడకి మరీ పెద్దవవుతాయేమో."

ఎవరూ నవ్వలేదు. ఒక జత బూట్లు, పోయినవాళ్ళు ఇద్దరు. అడగాల్సిన ప్రశ్న నా నాలిక చివరే ఉంది. జీవితంలో మొదటిసారి మింగేశాను.

వదిన టపటపమని ఆ బూట్లతోనే నడిచి ఆయన దగ్గరికెళ్ళింది.

"గుడ్డలు చుట్టుకుంటుందిలే," అంది. "ముందు ఆవిణ్ణే తొడుక్కోనీ. ఆరేళ్ళ నుంచి వట్టికాళ్ళతో ఉంది."

"మరి నికొదిమ్?"

"మా ఆయన్ని నేనెరుగుదును సముయిల్. పక్కన ఆడమనిషి వట్టికాళ్ళతో నడుస్తుంటే, చేతికందినా ఆయన వాటిని తొడుక్కోడు."